చావడి తీర్పు, కోర్టు తీర్పు: బారామహల్ నేర్పిన పాఠం

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పత్తికొండలో కలరా సోకి మరణించి 2027 జూలై 6 నాటికి 200 ఏళ్లు నిండుతాయి. తెలుగువారికి ఆయన దత్తమండలాల, అంటే నేటి రాయలసీమ ప్రాంతపు కలెక్టరుగానే ఎక్కువ పరిచితుడు. పల్లె కట్టుబాట్లను ఆయన తొలిసారి దగ్గరగా చూసింది మాత్రం అంతకు ముందు, నేటి తమిళనాడులోని ధర్మపురి సీమలో. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి నేరాలు, శిక్షల మీద కొత్త చర్చ మొదలైన ఈ కాలంలో, న్యాయం పల్లెకు ఎంత చేరువలో ఉండాలి, ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నలకు ఆ సీమ చరిత్రలో విలువైన సమాధానం ఉంది.

ధర్మపురి నుంచి హొగెనక్కల్ జలపాతానికి వెళ్లే దారిలోని ఊరు పెన్నాగరం. తగడూరు పేరుతో అదియమాన్ రాజులకు రాజధానిగా వెలిగిన ధర్మపురి చుట్టుపక్కల వీరగల్లులు, అంటే పోరులో ఒరిగినవారి స్మారక శిలలు, అనేకం దొరికాయి. పశువుల మందలను దోచుకుపోయేవారితో తలపడి ప్రాణాలు విడిచిన వీరులకు నిలిపినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. ఆ తరువాత నొళంబులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు, మైసూరు ఒడయర్లు ఏలిన ఈ సీమ చివరకు హైదరాలీ, టిప్పు సుల్తానుల అధీనంలోకి వచ్చింది. 1791లో ఈస్టిండియా కంపెనీ సేన పెన్నాగరం కోటను ముట్టడించి పట్టుకోగా, మరుసటి ఏడు శ్రీరంగపట్నం సంధితో బారామహల్ అని పిలిచే ఈ సీమ అంతా కంపెనీ వశమైంది.

కొత్త సీమ పాలనకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను నియమించి, ముగ్గురు సహాయకులను ఇచ్చినప్పుడు వారిలో ఒకరిగా వచ్చిన మన్రో, 1799 వరకు ఏడేళ్లు ఇక్కడ భూములు కొలిపిస్తూ, ధర్మపురిలో ముచ్చటపడి తోట పెంచుకుంటూ, రైతుల తగవులను స్వయంగా వింటూ గడిపాడు. తలారి, కరణం, ఊరిపెద్ద కలిసి నడిపే కట్టుబాటు ఎంత బలమైనదో ఆయనకు తెలిసింది ఈ మట్టి మీదనే.

1802లో మద్రాసు రాజధానిలో కారన్‌వాలిస్ పద్ధతి అమలైంది. బెంగాలులో 1793లో మొదలైన ఈ పద్ధతి ప్రకారం శిస్తు వసూలు కలెక్టరుకు, విచారణ, పోలీసు పెత్తనం జిల్లా జడ్జికి దక్కాయి. అధికారాలను విడదీయాలన్న సూత్రం మంచిదే అయినా, చిన్న దొంగతనానికి సాక్ష్యం చెప్పాలన్నా పనులు మానుకుని దూరపు కోర్టుకు నడవవలసి రావడంతో పల్లెవాసికి న్యాయం అందని పండైంది. ఈ కష్టాన్ని గుర్తించిన మన్రో 1807లో స్వదేశం వెళ్లి, పార్లమెంటు విచారణలో తన అనుభవాన్ని వినిపించి, 1814లో న్యాయ సంస్కరణల కమిషన్‌కు అధిపతిగా తిరిగి వచ్చాడు.

ఆ కృషి ఫలమే 1816 నాటి రెగ్యులేషన్లు, అంటే నాటి చట్టాలు. వాటి వల్ల పది రూపాయల లోపు దావాలను గ్రామ మునసబు విచారించే అధికారం పొందాడు. తిట్లు, చిన్నపాటి కొట్లాటల వంటి నేరాలకు ఊరిపెద్ద నిందితుణ్ణి పన్నెండు గంటల వరకు చావడిలో ఉంచవచ్చు. ఇంగ్లాండులో 1361 నాటి చట్టం నుంచి స్థానిక పెద్దలే మేజిస్ట్రేట్లుగా చిన్న నేరాలను విచారించే ఆచారం ఉంది. మన్రో ఏర్పాటుకు అది దూరపు చుట్టం. ఊరివారి మాటల్లో, ఊరివారి ఎదుట తగవు తీరాలన్న ఆయన పట్టుదల ఇప్పటికీ గౌరవించదగినది.

అయితే అదే 1816 నాటి చట్టం తక్కువ కులాలుగా పరిగణించినవారిని ఆరు గంటలపాటు బొండలో, అంటే కాళ్లు బిగించే కొయ్యలో, పెట్టవచ్చునని కూడా చెప్పింది. ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేరువేరు శిక్ష విధించిన ఈ నిబంధన, దగ్గరి న్యాయం ఊరిలోని అసమానతను కూడా వెంటబెట్టుకుని వస్తుందని రుజువు చేసింది. పైగా శిస్తు, పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలు మూడూ మళ్లీ కలెక్టరు దగ్గర పోగయ్యాయి. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయాలని రాజ్యాంగం 50వ అధికరణంలో ఆదేశించినా, దేశమంతటికీ ఆ విభజన చట్టరూపం దాల్చింది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోనే.

అధికారులే చట్టం మీరితే ఏమవుతుందో ఇదే ధర్మపురి జిల్లాలోని వాచాత్తి చూపింది. 1992 జూన్ 20న గంధపుచెక్కల వేట పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ గిరిజన గ్రామంపై పడి, ఇళ్లు ధ్వంసం చేసి, 18 మంది మహిళలపై అత్యాచారానికి పాల్పడ్డారు. 269 మంది నిందితుల్లో 54 మంది విచారణ సాగుతుండగానే మరణించగా, మిగిలిన 215 మందినీ ధర్మపురి సెషన్స్ కోర్టు 2011 సెప్టెంబరు 29న దోషులుగా తేల్చింది. మద్రాసు హైకోర్టు 2023లో అదే తేదీన ఆ తీర్పును సమర్థించింది.

ప్రజలకు చేరువైన న్యాయం, స్వతంత్రమైన న్యాయం అనే రెండు కొసలను కలిపేందుకు ఇతర దేశాలు భిన్నమార్గాలు వెతికాయి. జపాన్‌లో 2009 నుంచి ఘోర నేరాల విచారణలో ముగ్గురు జడ్జీల పక్కన ఆరుగురు సాధారణ పౌరులు కూర్చుంటున్నారు. న్యూజిలాండ్ 1989 చట్టంతో, తప్పుచేసిన బాలల విషయంలో కుటుంబాన్ని, బాధితులను ఒకచోట కూర్చోబెట్టి పరిష్కారం వెతికే పద్ధతిని నెలకొల్పింది. జ్యూరీని వదిలేసిన భారతదేశం 2008లో గ్రామ న్యాయాలయాల చట్టం చేసింది. కొత్త సంహిత చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చింది.

న్యాయం పల్లె గడపకు చేరువగా ఉండాలన్న మన్రో మాట సరైనది. దాన్ని అధికారి పిడికిలికి అప్పగించడం పొరపాటు. వాచాత్తి మహిళలు తొలి తీర్పు కోసం 19 ఏళ్లు, హైకోర్టు తీర్పు కోసం 31 ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది. పెన్నాగరం వంటి ప్రతి తాలూకాలోనూ స్వతంత్రంగా, సత్వరంగా, ప్రజల భాషలో పనిచేసే కోర్టును నిలబెట్టడమే ఈ చరిత్ర పాలకుల ముందుంచుతున్న కర్తవ్యం.