పరారీ నిందితుడు: నేతపేటలు తెలుసుకోవలసిన చట్టం

హత్య కేసులో నిందితుడు కనిపించకుండా పోయినంత మాత్రాన కేసు మూతపడదు. మూడేళ్లకు మించిన శిక్ష గల నేరాలకు కాలపరిమితి లేనందున, ముప్పై ఏళ్లు గడచినా హత్యాభియోగం నిలిచే ఉంటుంది. ఊరి పేరు, బంధుత్వం చెప్పి పనికి వచ్చిన తెలుగువారికి నీడనిచ్చే సోలాపూర్ తూర్పు భాగపు నేతపేటలకు ఈ చట్టం తెలిసి ఉండడం అవసరం.

సూరి హత్య కేసు

అనంతపురం జిల్లాకు చెందిన గంగుల సూర్యనారాయణరెడ్డి అలియాస్ మద్దెలచెరువు సూరి, 1997 నవంబరు 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో 26 మందిని బలిగొన్న కారు బాంబు కేసులో శిక్ష పొందిన వ్యక్తి. 2011 జనవరిలో హైదరాబాద్‌లో, వెళ్తున్న కారులోనే ఆయన హత్యకు గురయ్యారు. ప్రధాన అనుచరుడైన మలిశెట్టి భానుకిరణ్ కాల్చి పరారయ్యాడన్నది అభియోగం. సీఐడీ పోలీసులు పదిహేను నెలలు గాలించి, 2012 ఏప్రిల్ 21న జహీరాబాద్‌లో అతనిని అరెస్టు చేశారు. ఆ ఊరు హైదరాబాద్–సోలాపూర్ రహదారిపైనే ఉంది. 2018 డిసెంబరులో నాంపల్లి కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించింది.

ప్రకటన, జప్తు

వారంటుకు చిక్కనివానిని హాజరు కమ్మని కోర్టు కనీసం 30 రోజుల గడువుతో ప్రకటన జారీ చేస్తుంది. దానిని అతడు నివసించే ఊరిలో బహిరంగంగా చదివి, ఇంటికి అంటిస్తారు. అవసరమైతే పత్రికలోనూ వేయిస్తారు. ఆ పైన ఆస్తి జప్తు చేయవచ్చు. జప్తయిన ఇల్లు గాని, మగ్గం గాని తమదైతే, ఇతర హక్కుదారులు ఆరు నెలలలోగా కోర్టులో అభ్యంతరం చెప్పుకోవాలి.

సాక్ష్యం చెరగదు

నిందితుడు లేకున్నా సాక్షుల వాంగ్మూలం నమోదు చేసే అధికారం కోర్టుకు ఉంది. తరువాత సాక్షి మరణించినా, దొరకకపోయినా, పట్టుబడిన నిందితునిపై ఆ వాంగ్మూలం చెల్లుతుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 356వ సెక్షన్ మరొక అడుగు ముందుకు వేసింది. ప్రకటిత నేరస్థుడు పారిపోయి, వెంటనే చిక్కే అవకాశం లేనపుడు, అభియోగాలు నమోదైన 90 రోజుల తరువాత అతడు లేకుండానే విచారణ జరిపి తీర్పు చెప్పవచ్చు. అతని తరఫున న్యాయవాది లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో నియమించాలి. ఆ తేదీ నాటికే నడుస్తున్న విచారణలు మాత్రం పాత స్మృతి ప్రకారమే సాగుతాయి.

ఆశ్రయమిస్తే

హంతకుడని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణముండి, శిక్ష తప్పించే ఉద్దేశంతో ఆశ్రయమిచ్చిన వారికి అయిదేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. భార్యకు, భర్తకు మాత్రమే మినహాయింపు ఉంది. తల్లిదండ్రులకు గాని, అన్నదమ్ములకు గాని, కార్ఖానా యజమానికి గాని అది లేదు. సంగతి తెలియక గది అద్దెకిచ్చినవారు, పని ఇచ్చినవారు ఈ నేరం కిందకు రారు. అయినా గుర్తింపు పత్రం నకలు తీసుకొని, అద్దెకుండేవారి వివరాలు పోలీసు ఠాణాలో ఇచ్చి ఉంచితే, ఆ అమాయకత్వాన్ని నిరూపించుకోవడం తేలికవుతుంది.

పరారీ కావడం అనుమానానికి తావిస్తుందే కాని, అదొక్కటే హత్యకు రుజువు కాదు. ప్రకటనకు లోబడి హాజరు కాకపోవడం మాత్రం వేరే నేరం. అందువల్ల నిర్దోషికైనా పారిపోవడం మేలు చేయదు. న్యాయవాదిని వెంటబెట్టుకొని లొంగిపోవడమే అతనికీ, ఇంటివారికీ క్షేమం.