అమ్మానాన్నలకి డాక్టరు ఎంత దూరం?

ఇల్లు కొనేముందు మనందరం స్కూలు రేటింగు చూస్తాం, ఆఫీసుకి ఎంతసేపు పడుతుందో చూస్తాం. గ్రీన్ కార్డు మీద వచ్చి మనతో ఉండబోయే తల్లిదండ్రులకి ఆ ఇంటినుంచి వైద్యం ఎంత అందుబాటులో ఉంటుందో లెక్క వేసేవాళ్ళు తక్కువ. "హాస్పిటల్ పది నిమిషాలే" అనుకుని ఊరుకుంటాం. ఆ పది నిమిషాలు కారు నడిపేవాళ్ళవి. నేను డాక్టర్ని కాను. ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగులో ఎం.ఎస్. చేసి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. అప్పుడు చదివిన లెక్కలు మా అమ్మ వచ్చాక పనికొచ్చాయి.

అందుబాటు అనే మాటని 1981లో పెంచాన్‌స్కీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదు ముక్కలు చేశారు. డాక్టర్లు సరిపడా ఉన్నారా, చేరుకోగల దూరంలో ఉన్నారా, వాళ్ళ వేళలు మనకి కుదురుతాయా, ఖర్చు భరించగలమా, రోగికీ డాక్టరుకీ ఒకరితో ఒకరికి పొసుగుతుందా. మొదటి రెండూ మ్యాపు మీద కొలవచ్చు. మిగతావాటికి ఫోను పట్టుకుని కూర్చోవాల్సిందే.

అమెరికా ప్రభుత్వం వాడే కొలత మోటుగా ఉంటుంది. ఒక ప్రాంతంలో 3,500 మందికి ఒక ప్రైమరీ కేర్ డాక్టరు కూడా లేకపోతే, మామూలుగా దాన్ని డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంగా లెక్కిస్తారు. ఇంకో సూచిక ఉంది. అందులో డాక్టర్ల నిష్పత్తి, శిశుమరణాలు, పేదరికంతో పాటు 65 దాటినవాళ్ళ శాతం కూడా కలుపుతారు. నూటికి 62 లేక అంతకంటే తక్కువ వస్తే అక్కడ వైద్యసేవలు చాలవని అర్థం. ఇవి ప్రాంతానికి వేసే మార్కులు, ఇంటికి కాదు.

ఇంటిదాకా వచ్చే పద్ధతిని 2003లో వెయ్ లువో, ఫాహుయ్ వాంగ్ షికాగో పరిసరాల మీద ప్రయోగించి చూపించారు. పేరు పెద్దది: టూ-స్టెప్ ఫ్లోటింగ్ క్యాచ్‌మెంట్ ఏరియా. లెక్క మాత్రం చిన్నదే. ఒక క్లినిక్కులో ఇద్దరు డాక్టర్లున్నారు, అరగంట ప్రయాణంలో 4,000 మంది జనం ఉన్నారు అనుకుందాం. అంటే వెయ్యిమందికి 0.5. ఇంకో క్లినిక్కులో ఒక్క డాక్టరు, 5,000 మంది జనం. అంటే 0.2. రెండూ అరగంటలో అందే ఇంటికి వచ్చే అంకె 0.7. 2009లో దీన్ని మెరుగుపరిచి, పది నిమిషాల్లో అందే డాక్టరుకి ఎక్కువ బరువు, ముప్ఫై నిమిషాల్లో అందేవారికి తక్కువ బరువు ఇచ్చారు.

అసలు కిటుకు ఇక్కడుంది. కొడుకు కారులో రెండు క్లినిక్కులకీ వెళ్ళగలడు. తల్లి బస్సులో రెండోదానికి మాత్రమే వెళ్ళగలదు. స్థూలంగా చూస్తే ఒకే చిరునామాలో కొడుకు అంకె 0.7, తల్లి అంకె 0.2. కారూ బస్సూ విడివిడిగా లెక్కించే పద్ధతి 2013లో ఫ్లోరిడా సమాచారంతో వచ్చింది. అందరికీ కారు ఉందనుకుని వేసిన లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని అందులో తేలింది. మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. డాక్టరు సైకిలు మీద ఇంటికే వచ్చేవాడు. ఆయన వైద్యం మాట ఎలా ఉన్నా, ఈ అంకెలో ఆయనకి మంచి మార్కులే పడతాయి!

మా ఇంటికి బస్సు స్టాపు 1.2 మైళ్ళు, సైడ్‌వాక్ సగం దూరమే. నడవడం ఒక్కటే కాదు ఇబ్బంది. 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం మామూలు బస్సు ఎక్కలేనివాళ్ళ కోసం పారాట్రాన్సిట్ వ్యాను నడపాలి, కానీ ఆ బాధ్యత సాధారణంగా బస్సు రూటుకి ముప్పావు మైలు లోపలివరకే. కొన్ని ఊళ్ళు అంతకంటే దూరం పంపుతాయి, మా ఊరు పంపదు. ఇల్లు చూస్తున్నవాళ్ళు ఈ ముప్పావు మైలుని స్కూలు రేటింగు పక్కనే రాసుకోండి.

తర్వాత డాక్టర్ల సంఖ్య. ఇక్కడ పనిచేసి 40 క్వార్టర్లు పూర్తిచేయని తల్లిదండ్రులు మెడికేర్ కొనుక్కోవాలంటే 65 ఏళ్ళు నిండాలి, గ్రీన్ కార్డు ఉండాలి, అయిదేళ్ళు ఎడతెగకుండా ఇక్కడ నివసించి ఉండాలి. అందాకా విడిగా కొన్న ఇన్సూరెన్సే గతి. కాబట్టి ఆ నెట్‌వర్కులో లేని డాక్టర్లని, కొత్త పేషెంట్లని తీసుకోనివాళ్ళని లెక్కలోంచి తీసేయాలి. మా ఇన్సూరెన్సు కంపెనీ జాబితాలో మాకు దగ్గరగా పదకొండు పేర్లున్నాయి. రెండు మధ్యాహ్నాలు ఫోన్లు చేస్తే నిలిచినవి నాలుగు. వాటిలో అమ్మ ఒంటరిగా వెళ్ళగలిగేది ఒక్కటీ లేదు.

భాష సంగతి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులూ క్లినిక్కులూ ఇంగ్లీషు సరిగా రానివారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 పౌరహక్కుల చట్టం, 2010 ఆరోగ్య చట్టం రెండూ దీనికి ఆధారాలే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు" అని చెప్పండి, ఫోన్లోనైనా కలుపుతారు. మీరు పక్కన ఉన్నా సరే అడగండి. కొడుకు ముందు అమ్మలు అన్నీ చెప్పరు.

మీ ఇంటికి ఈ లెక్క వేయాలంటే మ్యాపులో బస్సు ప్రయాణం ఎంచుకుని, మంగళవారం ఉదయం పదకొండు గంటలకి పెట్టి చూడండి. అంటే మీరు మీటింగులో ఉన్న సమయానికి. సున్నా వస్తే ఎల్డర్‌కేర్ లొకేటర్‌కి ఫోన్ చేయండి: 1-800-677-1116. ఇది ఫెడరల్ ప్రభుత్వ సేవ. జిప్ కోడ్ చెబితే మీ ప్రాంతంలో వృద్ధుల సేవలు చూసే సంస్థ ఏదో చెబుతారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే వాలంటీర్ కార్లు చాలాచోట్ల వాళ్ళ ద్వారానే దొరుకుతాయి. కొన్ని రోజుల ముందే బుక్ చేయాలి.