నాటకకర్త మాట, నటుని నోరు

1920 నవంబరు 1వ తేదీన న్యూయార్కు నగరంలోని మెక్డూగల్ వీథిలో, ప్రావిన్స్‌టౌన్ నాటక బృందంవారి చిన్న రంగశాలలో, యూజీన్ ఓనీల్ రచించిన 'ఎంపరర్ జోన్స్' తొలిసారి ప్రదర్శితమైనది. కథానాయకుడు బ్రూటస్ జోన్స్ నల్లజాతివాడు. రైళ్ళలో పోర్టరుగా పనిచేసి, తరువాత ఖైదు నుండి తప్పించుకొని, వెస్టిండీస్ దీవి ఒకదానికి చక్రవర్తి అయినవాడు. ప్రజలు తిరుగబడగా అడవిలోకి పారిపోతాడు. నిమిషానికి 72 దెబ్బలతో, అనగా మనిషి నాడి వేగంతో, మొదలైన డప్పుకు పోనుపోను వడి హెచ్చుతుంది. ఆ ఒక్క రాత్రి భయాన్నంతా దాదాపు ఒంటరిగా నటుడే మోయాలి. తెల్లవారు ముఖాలకు మసి పూసుకొని నల్లవారి వేషాలు కట్టడం పరిపాటిగా ఉన్న ఆ దినాలలో ఈ భారాన్ని చార్లెస్ గిల్పిన్‌కు అప్పగించినారు.

గిల్పిన్ 1878లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండులో జన్మించినాడు. నాటకాలతో పొట్ట గడవనప్పుడు అచ్చుకూటంలో పనిచేసినాడు, లిఫ్టు నడిపినాడు, రైలు పోర్టరుగానూ ఉన్నాడు. జోన్స్ వృత్తిని అతనికి ఎవరూ నేర్పవలసిన పని లేకపోయినది.

1921లో న్యూయార్కు డ్రామా లీగు ఆ సంవత్సరం రంగస్థలానికి మేలు చేసిన పదిమందిలో ఒకనిగా అతనిని ఎన్నుకొన్నది. నల్లవానితో కలిసి విందారగించడమా అని కొందరు అభ్యంతరం చెప్పినారు. ఓనీల్ ఊరుకోలేదు. గిల్పిన్‌ను పిలువకపోతే తామూ రామని చెప్పేటట్లు తక్కిన గౌరవ అతిథులను కూడగట్టినాడు. గిల్పిన్ విందుకు వెళ్ళినాడు.

ఇంత సఖ్యమూ నాటక ప్రతి దగ్గరకు వచ్చేసరికి నిలువలేదు. జోన్స్ సంభాషణలలో నల్లవారిని హీనపరచే తిట్టు పదం పదేపదే వస్తుంది. ఆ పాత్ర నోట అది సహజమని ఓనీల్ వాదం. ప్రతి రాత్రీ తెల్లవారి సభ ఎదుట దానిని పలుకవలసినవాడు మాత్రం గిల్పిన్. అతడు దాని స్థానంలో 'నీగ్రో' వంటి మాటలు వేయసాగినాడు. ఓనీల్ మండిపడినాడు. మళ్ళీ మార్చితే కొడతానని బెదిరించినాడనీ, ఆ బెదిరింపులోనే జాతినెత్తి దూషించినాడనీ చెబుతారు. చక్రవర్తిని సృష్టించినది తాననీ, ఆ ఐరిష్‌వాడు నాటకం వ్రాసినాడంతేననీ గిల్పిన్ అన్నట్లు ప్రతీతి. గిల్పిన్ తాగుడును గురించి కూడ ఓనీల్ ఫిర్యాదు చేసినాడు. అందులో నిజం ఉండవచ్చు. కాని తాగుడు మానినంత మాత్రాన ఆ పదం అతని నోటికి సులువయ్యేది కాదు.

1924 పునఃప్రదర్శనలోను, 1925లో లండనులోను ఆ వేషం పాల్ రోబ్సన్‌కు దక్కినది. 1926లో గిల్పిన్ మరొకసారి దానిని ధరించి, 1930లో కన్నుమూసినాడు. 1933లో వచ్చిన చలనచిత్రంలోనూ రోబ్సనే జోన్స్.

1946లో ఓనీల్ తన నాటకాలన్నిటినీ తలచుకొంటూ, తాను ఊహించిన పాత్రను లోపం లేకుండ నిలిపిన నటుడు ఒక్కడే అని చెప్పి, గిల్పిన్ పేరు పలికినాడు. అప్పటికి గిల్పిన్ పోయి 16 సంవత్సరాలు.