నంబరుది ఒక మాట, కెమెరాది ఇంకో మాట

"కొనకు తమ్ముడూ. నంబరు ఒకటి చెప్తోంది, కెమెరా ఇంకోటి చెప్తోంది."

కోఠి గుజరాతీ గల్లీలో మెకానిక్ ఆ మాట అనేసరికి కుర్రాడి మొహం పాలిపోయింది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసి కూడబెట్టిన డబ్బుతో తనకంటూ ఒక పాత లైకా కొనుక్కోవాలని అతని ఆశ. సికింద్రాబాద్‌లో ఒక పెద్దావిడ మామగారి కెమెరా అమ్ముతానంది. ఎవరికైనా చూపించుకుని రమ్మని నమ్మి చేతికిచ్చింది కూడా.

పైన చెక్కిన నంబరు 1932లో వచ్చిన లైకా 2 మోడల్‌ది. ఆ మోడల్‌లో షట్టర్ వేగం సెకనులో ఇరవయ్యో వంతు నుంచి అయిదు వందలో వంతు వరకే. దీనికేమో ముందువైపు నిండు సెకను దాకా పోయే స్లో స్పీడ్ డయల్ ఉంది. అది 1933లో లైకా 3తో గానీ రాలేదు. పైన స్పీడ్ డయల్ కింద ఫ్లాష్ కోసం అంకెల చక్రం కూడా కనిపిస్తోంది. అది 1950 నాటి 3ఎఫ్‌ది!

ఇది నకిలీ లైకా ఏమోనన్న అనుమానం ఊరికే రాలేదు. సోవియట్ విద్యావేత్త మకరెంకో నడిపిన ఖార్కొవ్ కమ్యూన్‌లో 1934 నుంచి 'ఫెడ్' పేరుతో లైకాను పోలిన కెమెరాలు తయారయ్యాయి. దిక్కులేని పిల్లలు చేయి తిరిగిన పనివాళ్లయిన చోటు అది. ఆ కెమెరాలను తక్కువ చేయడం నాకు నచ్చదు. ఆ తర్వాత ఎవరెవరో వాటి పేరు చెరిపేసి, లైకా అని చెక్కి అమ్మారు. మోసమంతా అక్కడుంది.

మెకానిక్ లెన్స్ మర తిప్పి ఊడదీశాడు. లోపల రేంజ్‌ఫైండర్‌ను నడిపే చిన్న మీట ఉంటుంది. లైకాలో దాని చివర గుండ్రటి చక్రం, ఫెడ్‌లో కోసుగా ఉన్న లోహపు ముక్క. టార్చి వేసి, వేలి కొసతో తాకాడు. చక్రం దొర్లింది.

"లైకానే! మరి ఈ ఫ్లాష్ ఎక్కడిది?"

స్కేలు తీసి బాడీ పొడవు కొలిచాడు. 133 మిల్లీమీటర్లు. 1940లో 3సి వచ్చినప్పుడు బాడీని పోతపోసి తయారు చేయడం మొదలైంది, పొడవు మూడు మిల్లీమీటర్ల దాకా పెరిగింది. అంటే ఇది యుద్ధానికి ముందటి బాడీయే. వెనక చూసుకునే రెండు కళ్లూ పాత పద్ధతిలో ఎడంగానే ఉన్నాయి.

అప్పుడు వెలిగింది అతనికి. పాత కెమెరాను జర్మనీలోని వెట్జ్‌లార్ పంపితే, లైకాను తయారు చేసే లైట్జ్ కంపెనీయే కొత్త మోడల్ హంగులు అమర్చి, పాత నంబరుతోనే తిరిగి పంపేది. కొన్నవాణ్ని కొత్తది కొనుక్కోమనకుండా, చేతిలో ఉన్నదాన్నే కాలానికి తగ్గట్టు చేసి ఇచ్చిన ఆ పద్ధతి అంటే నాకెంతో గౌరవం. ముట్టుకోని సరుకు కావాలనే సేకరణదారులు మాత్రం ఇలాంటివాటికి ధర తగ్గిస్తారు.

"కానీ కర్టెన్ గుడ్డ పోయింది తమ్ముడూ. రబ్బరు పూత పగిలింది. ఫొటోల మీద తెల్ల చుక్కలు పడతాయి. మార్చాల్సిందే."

సాయంత్రం ఆ ఇంట్లో కుర్రాడు ఏదీ దాచకుండా చెప్పాడు. పెద్దావిడ చాలాసేపు ఆలోచించింది.

"నిజమే బాబూ. మామగారు రైల్వేలో చేసేవారు. ఎవరో దొరతో కెమెరాను జర్మనీ పంపించారని, నెలల తరబడి ఎదురుచూశారని అత్తగారు చెప్పేది. నేను నమ్మేదాన్ని కాదు." కాసేపాగి అడిగింది. "మార్పులు చేయించారని తక్కువకిమ్మంటావా?"

"అందుకు కాదండీ. కర్టెన్ ఖర్చు ఒక్కటీ తగ్గించండి."

ఆ ఒక్కటీ తగ్గించింది. మిగతాదంతా ఆమె అడిగినంతా లెక్కపెట్టి ఇచ్చాడు.