మ్యాక్‌బుక్ ప్రాసెసర్ మార్పులు – తెలుగు పాఠ సంరక్షణ

ఉపోద్ఘాతం:
తాళపత్రం నుంచి కాగితానికి, సీసపు అచ్చు నుంచి డీటీపీకి మారిన ప్రతిసారీ తెలుగు పాఠానికి కొంత మేలు, కొంత నష్టం కలిగాయి. కంప్యూటర్ ప్రాసెసర్ నిర్మాణం మారడం కూడా అటువంటి పరిణామమే. ఆపిల్ సంస్థ ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ చరిత్ర ఆధారంగా, ఈ మార్పులో ఏ తెలుగు పాఠం నిలుస్తుందో, ఏది చిక్కుకుపోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు మార్పులు:
ప్రాసెసర్ గ్రహించే ఆదేశాల సముదాయమే దాని భాష. ఒక నిర్మాణానికి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ మరొకదానిపై నేరుగా పనిచేయదు. పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కు మారుతున్నట్లు 2005 జూన్ 6న స్టీవ్ జాబ్స్ ప్రకటించారు. జీ5 ప్రాసెసర్ వేడి, విద్యుత్ వినియోగం ల్యాప్‌టాప్‌కు అనుకూలించకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. 2006 జనవరిలో తొలి మ్యాక్‌బుక్ ప్రోను ఆవిష్కరించారు. 2020 నవంబరు 10న ఆర్మ్ నిర్మాణంపై సంస్థ రూపొందించుకున్న ఎం1 ప్రాసెసర్‌తో, ఫ్యాను లేని మ్యాక్‌బుక్ ఎయిర్‌ను ప్రకటించారు.

రెండుసార్లూ పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త ప్రాసెసర్ భాషలోకి మార్చే ‘రొసెట్టా’ వారధిగా నిలిచింది. ఈజిప్టు ప్రాచీన లిపిని చదవడానికి తోడ్పడిన శిలాశాసనం పేరూ ఇదే. మొదటి వారధిని 2011లో తొలగించారు. రెండవది సాధారణ వినియోగానికి మ్యాక్‌ఓఎస్ 27 వరకే ఉంటుందని 2025లో ప్రకటించారు.

తెలుగు పాఠం స్థితి:
ఇంటెల్ మ్యాక్‌బుక్‌లలో ‘బూట్ క్యాంప్’ ద్వారా విండోస్‌ను నేరుగా నడిపే వీలుండేది. విండోస్‌కే పరిమితమైన తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు అదొక ఆశ్రయం. ఎం1తో ఆ దారి మూసుకుపోయింది. పాత ఫాంట్లలో తెలుగు అక్షర ఖండాలు ఇంగ్లీషు అక్షరాల సంకేత స్థానాల్లో ఉంటాయి. ఆ ఫాంటు లేనిచోట పాఠం అర్థంలేని గుర్తులుగా మారుతుంది.

యూనికోడ్ పాఠానికి ఈ ఇబ్బంది లేదు. 1991 నాటి తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ప్రాసెసర్ ఏదైనా ‘క’ సంకేతం ఒక్కటే. అయినా యూనికోడ్ పాఠానికి ప్రదర్శనలో లోపాలు రావని కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపానికి చెందిన ఒక సంకేత వరుస ఆర్మ్‌పై నడిచే ఐఫోన్లలోనూ, ఇంటెల్‌పై నడిచే మ్యాక్‌లలోనూ అప్లికేషన్లను స్తంభింపజేసింది. లోపం ప్రాసెసర్‌లో లేదు, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అందువల్లనే ఆ నెలలోనే సాఫ్ట్‌వేర్ సవరణతో అది తొలగిపోయింది. పాఠం మాత్రం చెక్కుచెదరలేదు.

ముగింపు:
ప్రాసెసర్ మార్పు సాఫ్ట్‌వేర్‌కు గడువు విధిస్తుంది. ప్రామాణిక సంకేతాల్లో ఉన్న పాఠానికి ఆ గడువు వర్తించదు. గోదావరిఖని వంటి బొగ్గుగని ప్రాంతాల కార్మిక సాహిత్యాన్ని సేకరించే పరిశోధకులకు ఈ భేదం కీలకమైనది. పాత ఫాంట్లలో కూర్చిన సంచికల ఫైళ్లను తెరవగల యంత్రాలు మిగిలి ఉన్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో సరిచూడాలి. తాళపత్రాలకు ప్రతులు రాసుకున్న లేఖకుల బాధ్యత నేడు పరిశోధకులపై ఉంది.