భక్తి, దానం, గుడి గడప: చిలుకూరు నేర్పే పాఠం

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు. దర్శనానికి టికెట్ లేదు, వీఐపీల వరుస లేదు. భక్తుడు కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తాడు. అది తీరితే మళ్లీ వచ్చి 108 చేస్తాడు. గళ్లున్న చీటీ చేతబట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె కొట్టేసుకుంటూ నడిచేవాళ్లు అక్కడ కనిపిస్తారు. విదేశీ ప్రయాణం కోసం మొక్కుకునే యువత రాకతో ‘వీసా బాలాజీ’ అన్న పేరూ స్థిరపడింది.

దైవభక్తి మనిషిని నీతిపరుణ్ణి, దాతను చేస్తుందా అన్న ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకన్నా అనువైన చోటు మన ప్రాంతంలో అరుదు. గుడికి వేసిన కానుకనూ, పొరుగువాడికి చేసిన సాయాన్నీ ఒకే పద్దులో రాసి భక్తులే గొప్ప దాతలని తేల్చడం తేలిక. చిలుకూరులో ఆ కానుకల పద్దే లేదు. మిగిలింది మొక్కు. 108 ప్రదక్షిణల శ్రమ నిజమైనదే, అది కృతజ్ఞతను నేర్పుతుంది కూడా. కానీ ఆ శ్రమ వల్ల ఇంకొకరి ఆకలి తీరదు. కృతజ్ఞత దానంగా మారాలంటే మరేదో తోడవ్వాలి.

ఆ తోడు ఏమిటన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులు వెతికారు. 1973లో డార్లీ, బాట్సన్ ప్రిన్స్‌టన్‌లోని మత విద్యార్థులను పరీక్షించారు. దారిలో బాధతో మూలుగుతున్న మనిషి దగ్గర, తొందర లేనివారిలో 63 శాతం మంది ఆగారు. బాగా తొందరలో ఉన్నవారిలో 10 శాతమే. ఆపన్నుణ్ణి ఆదుకున్న సమరయుని బైబిల్ కథపై ప్రసంగించడానికి వెళ్తున్నవారిలోనూ ఆ కథ పెద్ద తేడా తేలేదు. 2007లో షరీఫ్, నొరెంజయాన్ దేవుడికి సంబంధించిన మాటలు గుర్తుచేస్తే జనం అపరిచితుడికి ఎక్కువ డబ్బు పంచారని చూపించారు. అయితే న్యాయస్థానం, పోలీసు వంటి మాటలూ దాదాపు అంత పనీ చేశాయి. పైగా తర్వాతి పునఃపరీక్షల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు. మతం లేని ఇళ్ల పిల్లలే ఎక్కువ ఉదారులని 2015లో వచ్చిన పత్రం లెక్కల్లో తప్పు బయటపడి 2019లో ఉపసంహరణకు గురైంది. ఏ పక్షమూ ఈ ప్రయోగాల బలంతో విజయం చాటుకోజాలదు.

నాకు వీటన్నిటికన్నా బలంగా తోచే సాక్ష్యం ప్రయోగశాల బయట ఉంది. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ హైదరాబాద్ జియాగూడలోని రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ణి తన భుజాలపై మోసుకెళ్లారు. దానికి ఆధారం శ్రీవైష్ణవ సంప్రదాయంలోని తిరుప్పాణాళ్వార్ కథ. అంటరానివాడని రాయి విసిరిన లోకసారంగ ముని, స్వామి ఆజ్ఞతో ఆ భక్తుణ్ణే భుజానికెత్తుకుని శ్రీరంగం గర్భగుడికి చేర్చాడు. అందుకే ఇది మునివాహన సేవ. ఈ పనికి ప్రేరణ భక్తే. దాన్ని కాదనడం అన్యాయం. కానీ ఆ కథ శతాబ్దాలుగా ప్రవచనాల్లో వినబడుతూనే ఉంది, చాలా గుళ్ల తలుపులు మాత్రం దళితులకు మూసుకునే ఉండేవి. కథను నమ్మినవారు లక్షల్లో ఉన్నా, భుజం వంచినవారు కొందరే.

అటువైపు గోరాను చూడండి. దేవుణ్ణి నిరాకరించిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానితనాన్ని ఎదిరిస్తూ సహపంక్తి భోజనాలు నడిపారు. పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి పెళ్లి చేయ నిశ్చయించారు. దేవుడి పేరెత్తకుండా ఆ పెళ్లి జరిపేందుకు పరమ భక్తుడైన గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో ఆ వివాహం జరిగింది.

జియాగూడ గుడిలోనూ, సేవాగ్రామ్ పెళ్లిలోనూ దాటింది ఒకే గీతను. ఒకరు దేవుడి పేరుతో దాటారు, మరొకరు దేవుడు లేడంటూ దాటారు. కనుక భక్తి దానగుణానికి హామీ కాదు, నాస్తికత ఆటంకమూ కాదు. తన కులం, మతం బయటి మనిషి కోసం ఎవరు ఏం వదులుకున్నారన్నదే అసలు కొలత. చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో ఈ విషయంపై సర్వే చేయదలచే పరిశోధకులకు నా విన్నపం ఒకటే: ‘మీరు దేవుణ్ణి నమ్ముతారా’ అని అడిగి ఆగకండి, కిందటేడు మీ సాయం అందుకున్నవారిలో మీ కులం, మతం కానివారెవరని కూడా అడగండి.