తాటికల్లు, ఈతకల్లు: ఒక పాత పోలిక

ఏడు శనివారాల ప్రదక్షిణలకు వాడపల్లి వెళ్ళే మీరు, దారిలో చేలగట్లపై తాటిచెట్లను చూచే ఉంటారు. ఇటలీవారు బరోలో, కియాంటీ ద్రాక్షాసవాలను పోల్చి వాదించుకొన్నట్లే, మన పెద్దలు తాటికల్లునూ ఈతకల్లునూ పోల్చేవారు. ఈతచెట్టుకు మొవ్వు దగ్గర కాండాన్ని చెక్కి శీతకాలంలో కల్లు తీస్తారు. తాటిచెట్టుకు గెల కొనను రోజూ కోస్తూ వేసవిలోనూ తీస్తారు. రుచి మాట రసికులకు వదలుదాం. వైద్యునిగా నాకు చెట్ల భేదం కంటే గడియల భేదమే ముఖ్యం. చెట్టునుండి జారేది తీపినీరే. లొట్టిలో చేరిన ఈస్టు కొన్ని గంటలలోనే దానిని మద్యంగా మారుస్తుంది. లొట్టికి సున్నం పూస్తే పులియడం మందగించి, అది నీరాగా నిలుస్తుంది.

ఈ కల్లు వివాదంలో ఒక ప్రభుత్వమే పడిపోయిందంటే ఆశ్చర్యపడతారేమో. కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1948 నాటికి మద్యనిషేధం రాష్ట్రమంతటా వ్యాపించి గీత కార్మికుల జీవనం దెబ్బతిన్నది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయమన్నది. ప్రకాశం పంతులుగారు దానిని అమలు చేయలేదు. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆయన మంత్రివర్గం పడిపోయింది. ఆయన పట్టుదలను గౌరవిస్తాను. అయితే గీత కార్మికునికి మరొక ఉపాధి చూపనిదే నిషేధం నిలువదని నా అభిప్రాయం.

నేటి బెడద వేరు. కొన్నిచోట్ల కల్లు పేరిట అమ్మే కల్తీ సరుకులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు ఉంటాయి. దానికి అలవాటుపడినవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చు. మీ ఇంట అట్టివారుంటే బలవంతంగా ఒక్కసారే మాన్పించక, ముందుగా వైద్యుని వద్దకు తీసికొని వెళ్ళండి.